అనంతపురంలో పియానో: చెయ్యి బిగుసుకోకుండా వాయించడం నేర్పే సాయినగర్ మేడమ్ క్లాసు గురించి

అనంతపురంలో కీబోర్డు నేర్పేవాళ్లకు కొదవలేదు. సినిమా పాటలు నేర్పేవాళ్లున్నారు, చర్చిలో క్వయర్‌కు వాయిస్తూ సాయంత్రాలు నలుగురు పిల్లలకు చెప్పేవాళ్లున్నారు, డాన్స్ స్కూల్లోనే ఒక గదిలో కీబోర్డు క్లాసు పెట్టినవాళ్లూ ఉన్నారు. కుడిచేత్తో పాట, ఎడమచేత్తో కార్డ్స్ (రెండుమూడు స్వరాలు కలిపి ఒకేసారి నొక్కడం) వస్తే చాలనుకుంటే ఎవరి దగ్గరికి వెళ్లినా పని జరుగుతుంది. నేను రాస్తున్నది వేరేవాళ్ల కోసం. వాయిస్తుంటే మణికట్టు లాగేవాళ్లు, తెలియకుండానే భుజాలు చెవుల దాకా ఎక్కిపోయేవాళ్లు, పాట రొంత స్పీడయ్యేసరికి ముంజేయి మొత్తం బిగుసుకుపోయి ఇంక వేళ్లు కదలనివాళ్లు, పిల్లలు కీబోర్డు ముందు కూర్చోగానే ఎందుకంత టెన్షన్ పడుతున్నారో అర్థంకాని తల్లిదండ్రులు. వీళ్లంతా సాయినగర్‌లో ఇంటి మేడమీద పియానో చెప్పే మేడమ్ దగ్గరికి ఒక్కసారి వెళ్లిరండి. పేరు, ఫోన్ నంబరు నెట్‌లో పెట్టొద్దని ఆమే అడిగారు కాబట్టి పెట్టడం లేదు. ఊళ్లో సంగీతం సామాన్లు అమ్మే షాపుల్లో అడిగితే చెబుతారు, నాకు తెలిసింది కూడా అట్లనే.

నేను ఎక్కణ్నుంచి వచ్చానో చెబితే నా మాటకు ఎంత విలువ ఇవ్వాలో మీకు తెలుస్తుంది. చిన్నప్పటినుంచి భజనల్లో హార్మోనియం వాయిస్తున్నాను, పుట్టపర్తికి దగ్గర కాబట్టి మా వీధిలో భజన లేని గురువారం ఉండేది కాదు. స్వరజ్ఞానం ఉంది, చెవి బాగుంది. కానీ హార్మోనియంలో ఎడమచెయ్యి గాలి కొట్టే బెల్లోస్‌కే పోతుంది, వాయించేది కుడిచెయ్యి ఒక్కటే, పైగా అక్కడ కీ గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా శబ్దం ఒకటే, పెంచాలన్నా తగ్గించాలన్నా గాలితోనే. కాబట్టి పియానో దగ్గరికి వచ్చేసరికి ఎడమచేతికి ఏమీ తెలియదు, కుడిచేతికి కీని ఎట్ల ముట్టుకోవాలో తెలియదు. దానికి తోడు పగలంతా ఆఫీసులో కంప్యూటర్ మీద అకౌంట్స్ పని.

ఇంతకుముందు ఇంకోచోట కొన్నాళ్లు నేర్చుకున్నాను. అక్కడి పద్ధతి వేళ్లకు బలం రావాలి అని. చేతివెనక బిళ్ల పెట్టి అది పడిపోకుండా చెయ్యి కదలనీయకుండా ఒక్కో వేలూ పైకెత్తి కొట్టాలి, అదే వరస గంటసేపు. నొప్పిగా ఉందంటే వేళ్లకు బలం వస్తోందని అర్థం, తట్టుకో అన్నారు. మోచేతి నుంచి చిటికెన వేలు దాకా లాగడం మొదలైంది, రాత్రిపూట చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వచ్చేది. డాక్టరు దగ్గరికి పోతే కొన్నాళ్లు వాయించడం ఆపమన్నారు. ఆపాను, తగ్గింది, మళ్లీ మొదలుపెడితే మళ్లీ వచ్చింది. నలభై దాటాక ఇంక మన చేతులు వంగవులే అని ఇంట్లోవాళ్లు అనడం మొదలుపెట్టాక ఈ మేడమ్ గురించి తెలిసింది.

మొదటి క్లాసులో నాతో ఒక్క పాట కూడా వాయించనివ్వలేదు. ముందు కూర్చోవడం. స్టూలు మీద వెనక్కి జారి కూర్చోకుండా ముందు సగం మీదే కూర్చోమన్నారు, పాదాలు రెండూ నేలమీద పూర్తిగా ఆనాలి, ముంజేయి నేలకు సమంగా ఉండాలి, మోచేయి కీస్ ఎత్తుకు రావాలి లేదా రవ్వంత పైన ఉండాలి. దగ్గరగా కూర్చుంటే మోచేతులు పక్కటెముకలకు అతుక్కుపోతాయి, దూరంగా కూర్చుంటే చేతులు చాచాల్సి వస్తుంది, రెండూ భుజానికి చేటే. మా ఇంట్లో కీబోర్డు స్టాండు ఎంత ఎత్తు, కుర్చీ ఎంత ఎత్తు అని అడిగి, టేపుతో కొలిచి పంపమన్నారు. నేను వాడుతున్న ప్లాస్టిక్ కుర్చీ తక్కువ ఎత్తని, అందుకే మణికట్టు పైకి వంచి వాయిస్తున్నానని అప్పుడు బయటపడింది. రెండు అంగుళాలు ఎత్తు పెంచుకుంటే సగం లాగుడు తగ్గింది. ఇంతకుముందు నేర్చుకున్న చోట నేను దేనిమీద కూర్చుని వాయిస్తున్నానో ఎవరూ చూడలేదు. చిన్నపిల్లలకైతే కాళ్లు నేలకు అందవు కాబట్టి కాళ్లకింద చెక్కపీట పెడతారు. కాళ్లు వేలాడుతుంటే పిల్లలు పడిపోకుండా ఉండటానికి నడుం, భుజాలు బిగపడతారు, మనమేమో వీడికి శ్రద్ధ లేదు, నిటారుగా కూర్చోడు అని అరుస్తాం.

తర్వాత నా చెయ్యి తన అరచేతుల్లోకి తీసుకుని, బరువంతా నాకిచ్చేయ్ మా అన్నారు. ఇచ్చాననే అనుకున్నాను. ఆమె చేతులు తీసేశారు, నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అంటే బరువు ఇవ్వలేదు, నేనే మోస్తున్నాను. మళ్లీ, మళ్లీ, ఎన్నిసార్లు చేసినా చెయ్యి అట్లనే నిలబడుతోంది. ఈ ఒక్క విషయం కోసమే టీచర్ దగ్గరికి వెళ్లాలి అని నేనంటాను. యూట్యూబ్‌లో రిలాక్స్ అవ్వండి, భుజాలు వదలండి అని చెప్పే వీడియోలు బోలెడు చూశాను, చెప్పేది తప్పేమీ కాదు, కానీ ఏళ్ల తరబడి బిగపట్టి ఉన్న చెయ్యి మనకు మామూలుగానే అనిపిస్తుంది, బిగపట్టామని మనకే తెలియనప్పుడు ఏం వదలాలి? పక్కన కూర్చుని ముంజేతి కింద రెండు వేళ్లు ఆనించి, ఇదిగో ఇక్కడ, ఇప్పుడే బిగించావు, మళ్లీ చూడు అని అదే క్షణంలో చెప్పే మనిషి ఉంటేనే అది తెలిసేది. ఫీజు దానికే ఇస్తున్నాను.

ఆమె దగ్గర పాత అప్‌రైట్ పియానో, అంటే బీరువాలా నిలువుగా ఉండేది, ఒకటుంది, డిజిటల్ ఒకటుంది. రెండోవారమో మూడోవారమో అప్‌రైట్ పై మూత తెరిచి, ముందు పలక ఊడదీసి లోపల చూపించారు. కీ నొక్కితే లోపల ఒక సుత్తి కదిలి తీగను కొడుతుంది, ఇదంతా చదివిందే. చదవనిది ఏమిటంటే, సుత్తి తీగను తాకకముందే మన కీతో దానికి లంకె తెగిపోతుంది, చివరి కాస్త దూరం అది విసురుకు తనంతట తానే వెళ్లి కొట్టి వెనక్కి పడుతుంది. శబ్దం వచ్చేశాక నువ్వు కీని ఎంత అదిమినా తీగకు ఆ సంగతి తెలియదు అన్నారు మేడమ్. కీ నొక్కి పట్టుకుంటే శబ్దం కొనసాగుతుంది, నిజమే, దానికి వేలు ఊరికే ఆనుకుని ఉంటే చాలు. నేనేమో ప్రతి స్వరం దగ్గరా కీ అడుక్కి దిగాక కూడా చెక్కలోకి దిగబొడుస్తున్నట్టు అదుముతున్నాను. ఆ అదుముడంతా వృథా, నొప్పి మాత్రం మనకు.

ఇంకోటి చేయించారు, మీరు కూడా ఇంట్లో చేసి చూడొచ్చు. ఒక కీని చాలా చాలా మెల్లగా కిందిదాకా నొక్కండి. శబ్దం రాదు. ఇప్పుడు అడుగున ఎంత బలంగా అదిమినా రాదు. డిజిటల్ పియానోలో సుత్తి, తీగ లేకపోయినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే అందులో సెన్సర్లు చూసేది కీ ఎంత వేగంగా దిగిందన్నదే. శబ్దం పెద్దగా కావాలంటే వేగం కావాలి, బలం కాదు. అక్కడితో ఆపలేదు. పెడల్ తొక్కిపట్టి, ఒక తెల్ల కీ చివర రూపాయి బిళ్లలు ఒకదానిమీద ఒకటి పేర్చారు. పద్నాలుగో పదిహేనో పెట్టేసరికి కీ దానంతట అదే నిదానంగా దిగింది. ఇప్పటి రూపాయి బిళ్ల నాలుగు గ్రాములు కూడా ఉండదు, అంటే యాభై గ్రాములు, కాస్త అటూఇటూ. కీ దిగే లోతు ఒక సెంటీమీటరు. మనిషి చెయ్యి భుజం నుంచి వేళ్ల దాకా ఒంటి బరువులో సుమారు ఐదు శాతం ఉంటుంది, అరవై కిలోల మనిషికి మూడు కిలోలు. యాభై గ్రాములకు లొంగే కీ ముందు మూడు కిలోల చెయ్యి పెట్టుకుని మళ్లీ వేళ్లకు బలం రావాలని గంటలు గంటలు కొట్టించడంలో అర్థం లేదని ఆరోజు నాకు పూర్తిగా నమ్మకం కుదిరింది. లెక్క కళ్లముందు ఉంది మరి.

వదలడం అంటే ఢీలా పడిపోవడం అని చాలామంది అనుకుంటారు, నేను కూడా మొదట్లో చెయ్యి వేలాడేస్తే మేడమ్ ఒప్పుకోలేదు. మెటికల దగ్గర చెయ్యి కమానుగా నిలబడాలి, వేలి చివరి కణుపు లోపలికి విరగకూడదు, లేకపోతే పైనుంచి వచ్చే బరువు కీదాకా చేరదు, మధ్యలోనే కారిపోతుంది. ఎంత అవసరమో అంతే పట్టు, అది కూడా స్వరం పలికే క్షణానికే, పలికిన వెంటనే వదిలేయాలి. పలికి, వదిలి, మళ్లీ పలికి, వదిలి. నెలల తరబడి మేము చేసింది ప్రధానంగా ఇదే. ఒక్కో స్వరం తర్వాత ఆగి, మణికట్టు మెత్తగా ఉందా, బొటనవేలు పక్కకు పొడుచుకొచ్చిందా, దవడ బిగించానా, ఊపిరి బిగపట్టానా అని చూసుకోవడం. ఊపిరి సంగతి వినడానికి చిన్నదిగా ఉంటుంది, కానీ కష్టమైన చోటు వచ్చినప్పుడల్లా నేను ఊపిరి ఆపేస్తున్నానని ఆమె చెప్పేదాకా తెలియదు. ఇప్పుడు ఆఫీసులో ఎక్సెల్ షీట్ ముందు కూడా గమనిస్తున్నాను, అక్కడా అదే పని చేస్తున్నాను.

వేళ్ల గురించి ఆమె చెప్పింది కూడా రాయాలి. వేళ్లను వంచే, చాచే పెద్ద కండరాలు వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి, అక్కణ్నుంచి తాళ్లలాంటి స్నాయువులు (టెండన్లు) మణికట్టు మీదుగా వేళ్లకు వస్తాయి. కుడి ముంజేతిని ఎడమచేత్తో పట్టుకుని కుడి వేళ్లు ఆడించి చూడండి, ఎక్కడ కదులుతోందో తెలుస్తుంది. అందుకే మణికట్టు మెలిపెట్టి వాయిస్తే ఆ తాళ్లన్నీ వంకరగా రాపిడి పడతాయి. వంచే కండరం, చాచే కండరం రెండూ ఒకేసారి లాగితే వేలు ఎటూ పోదు, మధ్యలో నలిగిపోయేది మనం. ఇక ఉంగరపు వేలు. దాని తాడు పక్కవేళ్ల తాళ్లతో చేతి వెనక కలిసి ఉంటుంది, అందరికీ అంతే, కాబట్టి దాన్ని ఒంటరిగా ఎత్తైన చోటికి లేపలేం. అది బలహీనత కాదు, చెయ్యి కట్టుబడే అట్లుంది. పాత క్లాసులో ఆ వేలినే పట్టుకుని లేపు లేపు అని ఎంత సతాయించారో. ఈమె దాన్ని లేపమని ఎప్పుడూ అడగలేదు. తాళంచెవి తిప్పినట్టు ముంజేయిని రవ్వంత అటూఇటూ తిప్పి చూపించారు, చిటికెన వేలివైపు తిప్పితే ఆవైపు వేళ్లు ఏ ప్రయాసా లేకుండా కీలోకి దిగుతాయి, బొటనవేలివైపు తిప్పితే ఇటు. వేలు ఒక్కతే చేయాల్సిన పనిని చెయ్యి మొత్తం పంచుకుంటుంది. మొదట పెద్దగా తిప్పమంటారు, పోనుపోను ఆ తిప్పుడు బయటికి కనపడనంత చిన్నదైపోతుంది.

ఇది ఆమె సొంతంగా కనిపెట్టిన పద్ధతి కాదు, ఆ మాట ఆమే మొదటిరోజు చెప్పారు. చేతి బరువుతో వాయించడం గురించి జర్మనీలో లుడ్విగ్ డెప్పే 19వ శతాబ్దంలోనే చెప్పాడు, ఇంగ్లండ్‌లో టోబయాస్ మాథే, ఆ తర్వాత అమెరికాలో డోరతీ టౌబ్‌మన్ ముంజేయి తిప్పడం గురించి జీవితాంతం బోధించారు. మేడమ్ బెంగళూరులో ఉన్నప్పుడు ఈ దారిలో నేర్చుకున్నారట, అత్తగారి ఊరు ఇది కావడంతో ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు.

స్కేల్స్, అంటే స్వరాలు వరసగా ఎక్కుతూ దిగుతూ వాయించేవి, కూడా అందరిలా సి మేజర్‌తో మొదలుపెట్టరు. 19వ శతాబ్దపు పియానో స్వరకర్త షోపాన్ పారిస్‌లో పాఠాలు చెప్పేటప్పుడు ఇ, ఎఫ్ షార్ప్, జి షార్ప్, ఎ షార్ప్, బి అనే అయిదు స్వరాల మీద చెయ్యి పెట్టించేవాడట, బొటనవేలు, చిటికెన వేలు పొట్టివి కాబట్టి తెల్ల కీల మీద, పొడవైన మధ్య మూడు వేళ్లు నల్ల కీల మీద. చెయ్యి పెట్టి చూడండి, దానికదే కుదురుకుంటుంది, ఎక్కడా వంచాల్సిన పని, సాగదీయాల్సిన పని ఉండదు. అన్నీ తెల్ల కీలే ఉండే సి మేజర్ చూడటానికి సులువు, చేతికి మాత్రం కష్టం, అందుకే ఆయన బి మేజర్ ముందు చెప్పి సి మేజర్‌ను చివరికి పెట్టేవాడు. నాకు ఇంకో సంతోషం దొరికింది ఇక్కడ. ఇ ని షడ్జం అనుకుంటే ఆ అయిదు స్వరాలు స రి గ మ ప, మధ్యమం ప్రతిమధ్యమం, అంటే కల్యాణి రాగం. మేడమ్‌కు పాడి వినిపిస్తే అయితే కల్యాణిలోనే నీకు నచ్చింది వాయించు మా, చెయ్యిని మాత్రం గమనిస్తూనే ఉండు అన్నారు. ఆరోజు క్లాసు అంతా కల్యాణిలోనే నడిచింది. ఇట్లాంటి వెసులుబాటు ఇచ్చే టీచర్లు తక్కువ. పాశ్చాత్య సంగీతం చెప్పేవాళ్లలో కొందరికి మన సంగీతం అంటే చిన్నచూపు, ఈమెకు అది లేదు.

బొటనవేలు దాటించడం గురించి ఒక్కమాట. స్కేల్లో బొటనవేలిని అరచేతి కిందికి దూర్చి పక్క కీ పట్టుకోవాలని అందరూ చెబుతారు, నేను అట్లనే దూర్చేదాన్ని, బొటనవేలి మొదట్లో సలుపు. మేడమ్ చెప్పింది చెయ్యి మొత్తాన్ని పక్కకు జరపమని, బొటనవేలు చెయ్యితో పాటు వస్తుంది, దూరాల్సిన పనిలేదు. అంతే. ఆక్టేవ్‌లు కూడా అట్లనే, నా చెయ్యి చిన్నది, ఆక్టేవ్, అంటే ఒక స నుంచి పై స దాకా, దాదాపు పదహారున్నర సెంటీమీటర్లు, పట్టి సాగదీసి అట్లనే ఉంచొద్దని, పలికించి వెంటనే చెయ్యి ముడుచుకోనివ్వాలని, అందని కార్డ్‌ను విడగొట్టి వాయించినా తప్పులేదని చెప్పారు.

నొప్పి విషయంలో ఆమె చాలా ఖచ్చితం, నాకు బాగా నచ్చింది ఇదే. అలసట వేరు, నొప్పి వేరు, నొప్పి వస్తే ఆ క్షణమే ఆపాలి, పాట మధ్యలో ఉన్నా సరే. తిమ్మిరి, మంట, రాత్రి సలుపు ఉంటే ముందు డాక్టరు దగ్గరికి పొమ్మంటారు, నేను వైద్యం చేయను మా, వాయించడం చెబుతాను అంతే అంటారు. నన్ను కూడా డాక్టరు సరే అన్నాకే చేర్చుకున్నారు. నొప్పిని తట్టుకుని సాధన చేస్తే ఏమవుతుందో చెప్పడానికి లియోన్ ఫ్లైషర్ గురించి చెప్పారు. అమెరికాలో అంత గొప్ప పియానిస్టు, 1960లలో, ముప్పై అయిదు దాటాయో లేదో, కుడిచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు వాటంతట అవే లోపలికి ముడుచుకుపోవడం మొదలైంది, ఏళ్ల తరబడి ఎడమచేత్తో వాయించే రచనలు వాయిస్తూ, పాఠాలు చెబుతూ, ఆర్కెస్ట్రా నడుపుతూ గడిపి మళ్లీ 1990లలో రెండుచేతుల వాయింపుకు వచ్చాడు. జర్మన్ స్వరకర్త షూమన్ కూడా పియానిస్టు కావాలనుకుని కుడిచెయ్యి దెబ్బతిని స్వరరచన వైపు వెళ్లినవాడే. భయపెట్టడానికి చెప్పలేదు. చేతులు ఎంత గొప్పవాళ్లవైనా చేతులే అని చెప్పడానికి చెప్పారు. కొత్తలో నాకు సాధన పది నిమిషాలకు మించి వద్దన్నారు, పొద్దున పది, సాయంత్రం పది, మధ్యలో లేచి తిరగాలి. సాధన ఎక్కువ చేయమని కసిరే టీచర్లనే చూసినదానికి ఇది వింతగా అనిపించింది. కానీ పది నిమిషాలూ ధ్యాస పెట్టి చేస్తే వచ్చేది గంటసేపు కళ్లు మూసుకుని కొడితే రాదు.

ఇప్పుడు ఎట్ల ఉంది అంటే, రాత్రి తిమ్మిరి పోయింది. ఆఫీసు పనిలో మణికట్టు లాగడం చాలావరకు తగ్గింది, అది కూర్చునే ఎత్తు మార్చుకున్నందుకా, ఈ అలవాట్ల వల్లా అని విడదీసి చెప్పలేను, రెండూ అయ్యుండొచ్చు. స్పీడు నేను అడక్కుండానే పెరిగింది. శబ్దం కూడా మారింది, మా అమ్మాయి పక్కగదిలోంచి విని అమ్మా నువ్వేనా వాయించేది అని అడిగింది, నాకు అంతకంటే ఏం కావాలి. అందరికీ ఇట్లనే తగ్గిపోతుందని నేను చెప్పను, ఎవరి నొప్పికి కారణం ఏమిటో డాక్టరే చెప్పాలి.

ఇక బాగాలేనివి కూడా చెప్పాలి. మొదటి రెండు మూడు నెలలు పాట అంటూ ఏమీ చేతికి రాదు. చుట్టాలొస్తే పిల్లాడితో ఒకటి వాయించి చూపిద్దాం అనుకునే తల్లిదండ్రులకు ఇది నిరాశే. నాతోపాటు చేరిన ఒక కుర్రాడు ఇదే కారణంతో మానేశాడు, వాడిది తప్పని నేననను, పదేళ్ల పిల్లాడికి ఒక పాటైనా ఇవ్వాలి కదా. ఈ మాట మేడమ్‌తో కూడా అన్నాను. ఇప్పుడు పిల్లలకు మూడు నాలుగు స్వరాల చిన్న పాటలు మొదటినుంచీ ఇస్తున్నారు, ఇంకొన్ని ఇస్తే బాగుంటుంది. లండన్ ట్రినిటీ కాలేజీవాళ్ల సంగీతం గ్రేడ్ పరీక్షలకు పంపుతారు గానీ తొందరపెట్టరు, ఈ ఏడాదే గ్రేడ్ కావాలి అనుకుంటే వేరేచోట చూసుకోవడం మంచిది. స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చదవడం మీద పెట్టే సమయం తక్కువ, నేను దానికి విడిగా పుస్తకం పెట్టుకుని చదువుకుంటున్నాను. స్లాట్లు చాలా తక్కువ, ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుంటారు కాబట్టి బ్యాచ్‌లు ఉండవు, సాయంత్రం టైం దొరకాలంటే ఎదురుచూడాలి. ఫోన్ చేస్తే ఎత్తరు, మెసేజ్ పెడితే రాత్రికి జవాబు వస్తుంది. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు చూసుకోండి. ఏప్రిల్, మే మధ్యాహ్నాలు మేడమీద గది కాగిపోతుంది, ఎండాకాలం పొద్దున స్లాట్ అడగండి, లేకపోతే ఒళ్లు వదులు చేయడం సంగతి దేవుడెరుగు.

ఫీజు నెలకు రెండువేలు, వారానికి రెండు క్లాసులు. మన ఊళ్లో మామూలు కీబోర్డు క్లాసుతో పోలిస్తే ఎక్కువ. బెంగళూరు టీచర్ల ఆన్‌లైన్ క్లాసు కనుక్కున్నాను, దానికంటే తక్కువ. ఆన్‌లైన్‌లో ముంజేతి కింద వేళ్లు పెట్టి చూసేవాళ్లు ఉండరు, అందుకని ఈ విషయం వరకు ఆన్‌లైన్‌కు నేను ఓటు వేయను. నొటేషన్, థియరీ అయితే ఆన్‌లైన్‌లో హాయిగా నేర్చుకోవచ్చు.

ఏ కీబోర్డు కొనాలి అని అడిగేవాళ్లకు. మేడమ్ ముందే కొననివ్వరు. ఇంట్లో 61 కీల తేలికపాటి కీబోర్డు ఉంటే దానితోనే మొదలుపెట్టమంటారు, స్టాండు ఎత్తు, కుర్చీ ఎత్తు మాత్రం సరిచేసుకోవాలి. కానీ ఆ తేలిక కీల కింద స్ప్రింగులుంటాయి, చేతి బరువు ఆనించడం అంటే ఏమిటో వాటిమీద అంతగా తెలియదు, అందుకని కొన్ని నెలలయ్యాక మానేసే ఉద్దేశం లేదని గట్టిగా అనుకుంటే 88 కీల వెయిటెడ్ (అసలు పియానోలా కీలు బరువుగా ఉండే) డిజిటల్ పియానో చూసుకోమన్నారు. యమహా, కాసియో, రోలాండ్ మూడింటిలోనూ మొదటిమెట్టు మోడళ్లు ఉన్నాయి, వెళ్లి మీ చేతులతో ముట్టుకుని చూసి తీసుకోండి, డబ్బు మిగిలితే ఎత్తు మార్చుకునే స్టూలు కొనండి. నాకైతే స్టూలు ముందు కొనమన్నారు, పియానో తర్వాత. పాత అప్‌రైట్ కొనాలన్న కోరిక ఉన్నవాళ్లు ఒకసారి ఆలోచించుకోండి, మన అనంతపురం గాలి పొడి గాలి, ఎండాకాలం చెక్క ఎండి శ్రుతి దిగిపోతుంది, ఆషాఢం గాలికి దుమ్ము లోపలికి పోతుంది, ట్యూనింగ్ చేసే మనిషి బెంగళూరు నుంచి రావాలి, రెండువందల కిలోమీటర్ల పైమాట. మేడమ్ తన పియానో ఉన్న గదిలో వేసవిలో నీళ్ల తొట్టి పెడతారు, కిటికీలు మూసే ఉంచుతారు, అయినా ఏటా ఆ ఖర్చు తప్పడం లేదంటారు.

చేరాలనుకునేవాళ్లు ముందు ఒక క్లాసు అడగండి, దానికి డబ్బులు తీసుకోరు, మీ చెయ్యి చూసి నేర్పగలరో లేదో చెబుతారు. చిన్నపిల్లలతో తల్లో తండ్రో ఎవరో ఒకరు కూర్చోవాలి, ఇంట్లో కూర్చునే తీరు వాళ్లే చూడాలి కాబట్టి. వెళ్లేటప్పుడు మీ కీబోర్డు ముందు పక్కనుంచి తీసిన ఫోటో ఒకటి ఫోన్లో పెట్టుకుని వెళ్లండి, ఎత్తులు కొలిచి రాసుకోండి. గోళ్లు కత్తిరించుకోండి, మొదటిరోజు నన్ను అడిగింది అదే. గోరు పొడవుంటే వేలి కొన కీమీద ఆనదు, వేలు చదునుగా పెట్టాల్సి వస్తుంది, దాంతో మణికట్టు కిందికి పోతుంది, క్లాసులో సగం టైం దాన్ని పైకి తేవడానికే అయిపోతుంది.